మసిల్ శబ్దము: మాంసలమా, మూషికమా?

ఆంగ్లమునఁ గండకు మసిల్ అని పేరు. మనవారు మజిల్ అందురు. ఈ పదమును వినినంతనే సంస్కృతజ్ఞులకు మాంసలశబ్దము స్ఫురించుట సహజము. అర్థము సన్నిహితము, మకార సకార లకారములు రెండింటను వరుసగా నున్నవి. అయినను ధ్వనిసామ్య మొక్కటియే వ్యుత్పత్తికిఁ బ్రమాణము గానేరదు.

ఈ పదము 14వ శతాబ్దాంతమునుండి యాంగ్లమునఁ గానవచ్చుచున్నది. ఫ్రెంచిభాషా ద్వారమున వచ్చిన దీనికి లాటినునందలి ముస్కులుస్ మూలము. ముస్ అనఁగా నెలుక, కులుస్ అల్పార్థకప్రత్యయము. కాఁబట్టి ముస్కులుస్ అనఁగాఁ జిట్టెలుక. ముంజేయి మడచినపుడు దండచేతి కండ చర్మముక్రింద నెలుకవలెఁ గదలుటచే నీ పేరు గలిగెనని నిర్వచింతురు. గ్రీకునందును మ్యూస్ అను నొక్క పదమే యెలుకకును గండకును జెల్లినది. మయోకార్డియము మొదలగు వైద్యపదములందలి పూర్వభాగ మదియే. ఆంగ్లలేఖనమునఁ బలుకఁబడకయే నిలిచియున్న సీ యను నక్షరము లాటిను ప్రత్యయమందలి కకారమునకు శేషము.

సంస్కృతమున దీనికి సజాతీయము మూషశబ్దము. మూషికమును వైయాకరణులు చౌర్యార్థకమగు ముషధాతువునుండి దీర్ఘముతో సాధింతురు. వృషణవాచియగు ముష్కశబ్దము సయితము చిట్టెలుక యను నర్థమునుండి పుట్టినదని భాషాతత్త్వవేత్తలు తలంతురు. అల్పార్థమునఁ గప్రత్యయమును బాణినియు విధించియున్నాఁడు. కాని మన యాయుర్వేదము కండకు మూషికోపమానమును గ్రహింపలేదు. సుశ్రుతసంహితయందుఁ గండలు పేశులనఁబడి 500గా లెక్కింపఁబడినవి.

మాంసలమందలి లకారము కలిగియుండుటను దెలుపు మత్వర్థీయము. ముస్కులుస్ నందలి లకారమో యల్పత్వబోధకము. వర్ణ మొకటియైనను వృత్తి వేఱు.

మఱి మాంసమునకు బంధువులేవి? గోతికభాషలోని మాంసవాచకమగు మిమ్జ్ అను పదమును, అవయవమును దెలుపు లాటినుపదమగు మెంబ్రుమ్ అనునదియు నా కుటుంబములోనివి. ఈ మెంబ్రుమ్ నుండి వచ్చినదే యాంగ్లమందలి మెంబరు. కావున సభ్యునిఁ దెలుపు మెంబరు మాంసమునకు జ్ఞాతి; కండను దెలుపు మసిల్ మూషికమునకు జ్ఞాతి.

భావసామ్యము మాత్రమును జాలదు. సంస్కృతమునఁ గనీనిక, లాటినునఁ బుపిల్లా యను పదములు బాలికకును గంటినడిమి నల్లగ్రుడ్డునకును జెల్లును. మన కనుపాపయు నట్టిదే. ఎదుటివారి కంటఁ దోఁచు చిన్నప్రతిబింబమే యీ మూఁటికిని హేతువు. ఇంతమాత్రమునఁ దెలుఁగు లాటినుకుటుంబములోఁ జేరదు గదా! శబ్దబంధుత్వమును నిర్ణయించువారు ధ్వనిని, బ్రత్యయమును, జరిత్రను మూఁటినిఁ గలిపి పరీక్షింపవలయును.