కోడ్ కొట్టి నేర్చుకున్న తరాలు

వెబ్ స్క్రిప్టింగ్ వచ్చినవాళ్ళలో చాలామంది ముందు భాష వ్యాకరణం చదివి తర్వాత ప్రోగ్రాము రాసినవాళ్ళు కారు. ఎవరో రాసిన గెస్ట్‌బుక్కో లాగిన్ పేజీయో ముందు పెట్టుకుని, ఉన్నదున్నట్టు కొట్టి, రన్ చేసి, ఎర్రర్ వస్తే తల గోక్కుని, చివరికి ఆడాక అందులో ఒక లైను మార్చి చూసినవాళ్ళే. ఇలా నేర్చుకోవడాన్ని చులకన చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఇది సరైన దారే అనిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. ఉదాహరణ తాను చూపించినదాన్నే కాదు, చోటు చాలక వదిలేసినదాన్ని కూడా నేర్పిస్తుంది. ఈ సంగతి రచయితలకు తెలిసిరావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కథ వెబ్ కంటే ముందే మొదలైంది. 1973లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ డేవిడ్ ఆల్ కూర్చిన '101 బేసిక్ కంప్యూటర్ గేమ్స్' అనే పుస్తకం వేసింది. అందులో పాఠాలు లేవు, ఆటల ప్రోగ్రాములు ఉన్నాయి. చూసి టైపు చేస్తే ఆట ఆడుకోవచ్చు. 1978లో ఇళ్ళలోకి వస్తున్న చిన్న కంప్యూటర్లకు తగ్గట్టు దాన్ని మార్చి మళ్ళీ వేశారు. పది లక్షల కాపీలు దాటిన మొదటి కంప్యూటర్ పుస్తకం అదేనంటారు. టైపు చేసేటప్పుడు ఒక కామా తప్పితే ఆట ఆడదు. అది ఎక్కడ తప్పిందో వెతకాలంటే ఆ లైను ఏం చేస్తుందో కాస్తయినా అర్థం కావాలి. బోధించాలని పూనుకోకుండానే ఆ పుస్తకం బోధించింది.

అదే 1978లో బ్రయన్ కెర్నిగాన్, డెనిస్ రిచీ సి భాష మీద రాసిన పుస్తకం వచ్చింది. తెరమీద 'హలో, వరల్డ్' అని చూపించే మొదటి ప్రోగ్రాము దానితోనే ప్రపంచమంతా పాకింది. కెర్నిగాన్ అంతకు ముందే, 1970ల మొదట్లో, బి భాషకు రాసిన పాఠంలో ఆ ఉదాహరణ వాడాడు. ఆ తర్వాత వచ్చేది ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక. చాలావరకు పూర్తి ప్రోగ్రాములే, తుంపులు కావు. ఉదాహరణలన్నిటినీ పుస్తకం ప్రతిలోంచి నేరుగా తీసి నడిపి చూశామని రచయితలు ముందుమాటలో చెప్పుకున్నారు. అలా చెప్పుకోవాల్సి రావడానికి కారణం ఉంది. 1974లో ఇదే కెర్నిగాన్, పి. జె. ప్లాగర్‌తో కలిసి ప్రోగ్రామింగ్ శైలి మీద ఒక పుస్తకం రాశాడు. అందులో దిద్దడానికి తీసుకున్న నాసిరకం ప్రోగ్రాములన్నీ అప్పటికి అచ్చయి ఉన్న పాఠ్యపుస్తకాల్లోవే. పుస్తకంలో ఉదాహరణ అంటే తప్పు ఉండదనే నమ్మకానికి అప్పుడే దెబ్బ తగిలింది. అయినా ఆ నమ్మకం పోలేదు.

ఉదాహరణ ఎందుకు పనిచేస్తుందో మనస్తత్వశాస్త్రం కొంత చెప్పింది. 1985లో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ ఆల్జీబ్రా విద్యార్థుల మీద పరిశోధన చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు లెక్కలు ఇచ్చి చేయమనడం కంటే, చేసి చూపించిన లెక్కలు చదవనివ్వడం తక్కువ సమయంలో ఎక్కువ నేర్పుతుందని తేల్చారు. 1989లో మిషెలీన్ చీ బృందం ఫిజిక్స్ విద్యార్థులను పరిశీలించింది. బాగా నేర్చుకున్నవాళ్ళు ఉదాహరణను చదివి ఊరుకోలేదు. ఈ మెట్టు తర్వాత ఆ మెట్టు ఎందుకు వచ్చిందో తమకు తామే చెప్పుకుంటూ పోయారు. తక్కినవాళ్ళు అదే ఉదాహరణ చదివి, అర్థమైందనుకుని పేజీ తిప్పేశారు. ఈ రెండు పరిశోధనల్లో ప్రోగ్రామింగ్ ఊసే లేదు, కానీ వెబ్ పుస్తకాల మంచీ చెడూ రెండూ వీటిలో ఉన్నాయి.

1993లో ఎన్‌సీఎస్‌ఏ వెబ్ సర్వర్‌తో పాటు సీజీఐ వచ్చింది. బ్రౌజర్లో నింపిన ఫారం సర్వర్లో ఉన్న ఒక ప్రోగ్రాముకు చేరడానికి అది దారి వేసింది. ఎలా వాడాలో చూపించడానికి సర్వర్‌తో పాటే కొన్ని మచ్చు ప్రోగ్రాములు ఇచ్చారు. వాటిలో ఒకటి పీహెచ్‌ఎఫ్. యూనివర్సిటీల టెలిఫోన్ డైరెక్టరీలో పేర్లు వెతికే చిన్న ఫారం. ఫారంలో వచ్చిన మాటను షెల్‌కు పంపే ముందు ప్రమాదకరమైన అక్షరాలను నిర్వీర్యం చేసే ఫంక్షన్ ఒకటి అందులో ఉంది. ఆ జాబితాలో కొత్త లైను అక్షరం లేదు. పేరు తర్వాత కొత్త లైను పెట్టి, దాని వెనక తనకు కావలసిన కమాండు రాస్తే సర్వర్ దాన్నీ నడిపేస్తుంది. 1996 మార్చిలో సెర్ట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. తొలినాటి అపాచీ సర్వర్‌తో కూడా ఆ మచ్చు వచ్చింది కాబట్టి, దాన్ని ఎన్నడూ వాడని సంస్థల సర్వర్లలోనూ ఆ తలుపు తెరిచే ఉంది. చూసి నేర్చుకోమని ఇచ్చినదాన్ని జనం తీసేయకుండా అలాగే ఉంచేశారు.

1995లో మాట్ రైట్ అనే అమెరికన్ హైస్కూల్ విద్యార్థి పెర్ల్ భాషలో రాసిన తన స్క్రిప్టులను ఉచితంగా పంచడం మొదలుపెట్టాడు. గెస్ట్‌బుక్, సందర్శకుల లెక్క, ఫారంమెయిల్. అప్పటి వెబ్‌సైట్లలో ఇవి లేని చోటు వెతకాలి. ఫారంమెయిల్ చేసే పని చిన్నది: ఫారంలో నింపిన వివరాలను ఈమెయిల్‌గా పంపడం. అయితే ఆ ఈమెయిల్ ఎవరికి పోవాలన్నది ఫారంలోనే, కనిపించని గడిలో రాసి ఉంటుంది. ఫారం సందర్శకుడి బ్రౌజర్లో ఉంటుంది. అంటే ఆ గడి అతని చేతిలో ఉన్నట్టే. స్పామ్ పంపేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? చివరికి 2001లో లండన్ పెర్ల్ మాంగర్స్ బృందం ఎన్‌ఎంఎస్ పేరుతో ఆ స్క్రిప్టులకు బదులు సురక్షితమైనవి రాసింది. రైట్ కూడా వాటినే వాడమని తన సైట్లో పెట్టాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టే మనసు నాకు రాదు. లక్షలమందికి మొదటి స్క్రిప్టు అతనిదే. వచ్చిన తంటా అతను స్క్రిప్టు పక్కన చాలినంత వివరణ ఇవ్వకపోవడం వల్ల. గడులు నింపి ఎక్కించుకునే సూచనలే ఉన్నాయి, ఏ లైను ఎందుకుందో చెప్పే మాటలు తక్కువ.

ఆ మాటలు పుస్తకాల్లో ఉన్నాయి. రాండల్ ష్వార్ట్జ్ 'లెర్నింగ్ పెర్ల్' 1993లో ఓరైలీ సంస్థ నుంచి వచ్చింది. దాని మొదటి అధ్యాయాన్ని నేను ఇప్పటికీ ఒక నమూనాగా చూస్తాను. పలకరించే ప్రోగ్రాముతో మొదలవుతుంది. తర్వాత పేరు అడుగుతుంది. ఆ పేరు రాండల్ అయితే ప్రత్యేకంగా పలకరిస్తుంది. వేరేవాళ్ళయితే రహస్య పదం చెప్పమంటుంది. ముందు అందరికీ ఒకటే పదం, తర్వాత చెల్లే పదాలు కొన్ని, ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో పదం, చివరికి ఆ పదాలన్నీ ఒక ఫైల్లోకి పోతాయి. అదే ప్రోగ్రాము పేజీ పేజీకీ పెరుగుతుంది. పాత రూపం ఎందుకు చాల్లేదో చదివేవాడికి తెలిశాకే కొత్త భాషాంశం వస్తుంది. అధ్యాయాల చివర అభ్యాసాలు, వెనక జవాబులు. చీ బృందం చూసిన మంచి విద్యార్థి తనకు తాను చెప్పుకున్న మాటను ఇక్కడ పుస్తకమే అందిస్తుంది.

1998లో టామ్ క్రిస్టియన్‌సెన్, నాథన్ టార్కింగ్టన్ రాసిన 'పెర్ల్ కుక్‌బుక్' దారి వేరు. సమస్య, పరిష్కారం, చర్చ, ఈ వరుసలో ఒక్కో వంటకం. పని తెలిసినవాడికి అది నిధి. కొత్తవాడు పరిష్కారం కొట్టుకుని చర్చ వదిలేస్తాడు, అసలు విషయం మాత్రం చర్చలోనే ఉంటుంది.

ఉదాహరణ కాలంతో పాటు ఎలా మారిందో చూడాలంటే ఒకే పుస్తకం పాత, కొత్త ముద్రణలు పక్కపక్కన పెట్టుకోవాలి. అందుకు 2001లో వచ్చిన ల్యూక్ వెల్లింగ్, లారా థామ్సన్‌ల పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పుస్తకం చక్కగా సరిపోతుంది. అప్పటికి పీహెచ్‌పీ పుట్టి ఆరేళ్ళు. దాన్ని పుట్టించిన రాస్మస్ లెర్డార్ఫ్ తన పనిముట్లను 1995 జూన్‌లో బయటపెట్టాడు. పుస్తకం మొదటి ఉదాహరణ బాబ్ అనే ఆయన కారు విడిభాగాల దుకాణం ఆర్డరు ఫారం: టైర్లు, ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు. డేటాబేస్ అధ్యాయాలకు వచ్చేసరికి బుక్-ఓ-రామా అనే పుస్తకాల దుకాణం. రచయిత పేరుతోనో, పుస్తకం పేరుతోనో వెతికే పేజీ అది.

2001 నాటి ఆ పేజీ ఫారంలోంచి మాటను తీసుకుంటుంది, కొటేషన్ గుర్తుల ముందు వాలుగీత చేర్చే ఫంక్షన్ గుండా పంపుతుంది, ఆ మాటను ఎస్‌క్యూఎల్ వాక్యం మధ్యలో అతికిస్తుంది. ఆ వాలుగీత లేకపోతే ఏమవుతుంది? రచయిత పేరు దగ్గర డిసౌజా అని ఇంగ్లిషులో, డి తర్వాత అపాస్ట్రఫీతో కొట్టి చూడండి. డేటాబేస్ ఆ గుర్తు దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది, మిగిలిన 'సౌజా' ఆజ్ఞ అనుకుని తికమకపడుతుంది. గోవా ఆయన పేరుకు ఎర్రర్ వస్తుంది. అదే చోట ఆ గుర్తు తర్వాత ఎవరైనా కావాలనే ఆజ్ఞ రాస్తే డేటాబేస్ దానికీ తలవంచుతుంది. ఇదే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. 1998 డిసెంబర్లోనే హ్యాకర్ల పత్రిక 'ఫ్రాక్' దీన్ని వివరించింది. వాలుగీత చేర్చడం అప్పటికి తోచిన మందు.

2016లో వచ్చిన ఐదో ముద్రణలో అదే దుకాణం, అదే వెతుకులాట. కానీ వాక్యం వేరు, మాట వేరు. ఎస్‌క్యూఎల్ వాక్యంలో మాట ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. వాక్యాన్ని ముందు సిద్ధం చేసి, మాటను తర్వాత విడిగా అందిస్తారు. డిసౌజా పేరు ఇప్పుడు పేరుగానే ఉంటుంది. అంతేకాదు, ఏ కాలమ్‌లో వెతకాలన్నది కూడా కోడ్‌లో ముందే నిర్ణయించిన మూడింటిలో ఒకటి అయితేనే ఒప్పుకుంటారు. రెండు ముద్రణల మధ్య పదిహేనేళ్ళలో లోకం నేర్చుకున్న పాఠం ఆ కొద్ది లైన్లలో ఉంది.

ఈలోగా భాష కూడా ఊరుకోలేదు. ఫారంలోని గడి పేరు తానే వేరియబుల్ అయిపోయే సౌకర్యాన్ని 2002 ఏప్రిల్లో పీహెచ్‌పీ 4.2 డిఫాల్టుగా ఆపేసింది. పాత పుస్తకం చూసి కొట్టినవాళ్ళకు ఎర్రరు కూడా రాలేదు, విలువలు ఖాళీగా వచ్చాయి. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరికే పీహెచ్‌పీ పుస్తకం కొనేముందు వచ్చిన సంవత్సరం చూసుకోమనేది అందుకే.

మన దగ్గర ఉదాహరణల పుస్తకానికి ఇంకో రూపం కూడా ఉంది. బీపీబీ వేసిన ఐవాన్ బేరాస్ పుస్తకం హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, పెర్ల్ సీజీఐలను ఒకే కట్టలో ఇచ్చింది. బీటెక్, ఎంసీఏ వాళ్ళకు అది బాగా తెలుసు. అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో దొరికే 'రన్నింగ్ నోట్స్' మరో రకం. క్లాసులో సార్ చెప్పింది చెప్పినట్టు ఎవరో చేత్తో రాసుకున్న నోట్సు అది. సార్ నోటి వివరణ కూడా కోడ్ పక్కనే ఉంటుంది కాబట్టి కొన్నిసార్లు అచ్చు పుస్తకం కంటే అదే నయం.

ల్యాబ్ రికార్డు సంగతి అలా కాదు. ఎయిమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, సంతకం. ప్రోగ్రాము ఎందుకు అలా ఉందో రాయడానికి ఆ నాలుగు గడుల్లో చోటే లేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ళ తరబడి నడిచిన ఒక వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్ సిలబస్‌లో మొదటి వారాల పని ఆన్‌లైన్ పుస్తకాల దుకాణమే. హోమ్ పేజీ, లాగిన్, కేటలాగ్, కార్ట్. బాగానే ఉంది. తర్వాత ఒక వారం నలుగురు యూజర్లు, నాలుగు పాస్‌వర్డులు ఇచ్చి, వాటిని కుకీలో పెట్టి లాగిన్ సరిచూసే ప్రోగ్రాము రాయమంటుంది. కుకీ ఉండేది సందర్శకుడి కంప్యూటర్లో. ఫారంమెయిల్ కనిపించని గడిలో చేసిన పనే ఇదీ. కుకీ ఎలా పెట్టాలో చూపించడానికే ఆ ప్రశ్న వేశారని అర్థమవుతూనే ఉంది. పరీక్షకు బట్టీ పట్టిన విద్యార్థి మాత్రం పాస్‌వర్డు ఉండాల్సిన చోటు కుకీ అని కూడా పట్టుకుపోతాడు.

బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్ళకు ప్రతి వెబ్ పేజీ సోర్సూ ఒక ఉదాహరణే. తర్వాత డబ్ల్యూ3స్కూల్స్ వచ్చింది, 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చింది. పుస్తకంలో పది పేజీల మధ్య ఉన్న ఉదాహరణ ఒంటరి తుంపైంది. టైపు చేసే పని కాపీ పేస్ట్ అయింది. కామా తప్పే అవకాశమే పోయింది. 2017లో ఒక పరిశోధక బృందం వెతుకులాటలో పైన కనిపించే పీహెచ్‌పీ పాఠాల్లోంచి లోపాలున్న కోడ్ కొంత తీసుకుని, అలాంటిదే ఎక్కడెక్కడ ఉందో గిట్‌హబ్‌లోని 64,415 పీహెచ్‌పీ ప్రాజెక్టుల్లో గాలించింది. 117 లోపాలు బయటపడ్డాయి. అప్పటికి పదహారేళ్ళ కిందటి పుస్తకాలకే తెలిసిన జబ్బులు అవి.

ఇప్పుడు అడిగిన వెంటనే ఉదాహరణ రాసిపెట్టే ఏఐ ఉంది. కోడ్ పక్కన వివరణ కూడా ఇస్తుంది, 'ఎందుకు' అని అడిగితే విసుక్కోదు. మాట్ రైట్ కాలంతో పోలిస్తే ఇది ఎంతో మేలు. అయితే అడగడానికి ఏమడగాలో తెలియాలి. డిసౌజా పేరు సమస్య అవుతుందని తెలియనివాడు దాని గురించి అడగడు. ఉదాహరణల వరుస పుస్తకంలో ఎవరో ఆలోచించి పెట్టినది. ఈ ప్రోగ్రాము ఎక్కడ చాలదో చూపించాకే తర్వాతిది వస్తుంది. మరైన్ హేవర్‌బెకె 'ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్' ఆన్‌లైన్ రూపంలో ఉదాహరణలను బ్రౌజర్లోనే మార్చి నడిపి చూడవచ్చు, అచ్చు పుస్తకం వెనక అభ్యాసాలకు సూచనలే ఉంటాయి. ఏఐ ఇంత విస్తరించాక కూడా, 2024లో, అది నాలుగో ముద్రణకు వచ్చింది.