ఇంటిపేరులో దొరకని చరిత్ర

‘మీ కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?’ 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో చేరిన ఆడవాళ్లకి ఆరోగ్య పరీక్షల ఫారాల్లో ఇదొక చిన్న గడి. టిక్కు పెట్టడానికి క్షణం చాలు. కానీ జవాబు ఎవరి దగ్గరుంది?

మన వంశవృక్షాల నిండా మగపేర్లే. ఆడపిల్ల పెళ్లితో ఇంకో ఇంటిపేరులోకి వెళ్లిపోతుంది, ఆమె జబ్బూ ఆమెతోనే వెళ్లిపోతుంది. అమ్మమ్మ ‘రాచపుండు’తో పోయిందంటారు, అది ఎక్కడ లేచిందో చెప్పరు. రొమ్ము అన్న మాట నోట రాదు. మనవరాళ్ల సంబంధాలు చెడతాయన్న భయం ఒకటి.

ఇలాంటి ఆడవాళ్ల వరసని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లో అచ్చువేశాడు. 1788లో ఈ జబ్బుతో చనిపోయిన ‘మేడం జెడ్’తో మొదలై ఆమె కూతుళ్లు, వాళ్ల పిల్లలు. అది ఆయన భార్య కుటుంబమేనంటారు. అందులోనూ పేర్లు లేవు, అక్షరాలే! ఆ వరస వెనకున్నది తెలియడానికి శతాబ్దం పైనే పట్టింది. ఇంత మామూలు జబ్బుకి ఒక జన్యువు కారణమవుతుందంటే చాలామంది శాస్త్రవేత్తలు నమ్మని రోజుల్లో మేరీ క్లెయిర్ కింగ్ ఏళ్ల తరబడి వెతికి, 1990లో 17వ క్రోమోజోమ్ మీద దాని చోటు చూపించింది. 1994లో బీఆర్‌సీఏ1, మరుసటి ఏడు బీఆర్‌సీఏ2 దొరికాయి. ఒక కంపెనీ వాటి మీద పేటెంట్లు తీసుకుంది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏకి పేటెంటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో గాని తేల్చలేదు.

ఈ జన్యువుల్లో లోపం తండ్రి నుంచి కూడా రావచ్చు. తల్లికున్నా తండ్రికున్నా ఒక్కో బిడ్డకి సగం అవకాశం. అంటే నాయనమ్మ, మేనత్తల సంగతీ అడగాలి. ఫారంలోని ‘ఆంట్’ అన్న మాటలో ఇద్దరూ కలిసిపోతారు. మన భాషలో పిన్ని వేరు, మేనత్త వేరు. మేనరికం చేసుకున్న ఇంట్లో ఆ మేనత్తే అత్తగారు!

హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచీ ఉంది. క్యాన్సర్‌తో పోయిన బసవతారకం పేరుతో 2000లో ఇంకొకటి వచ్చింది. 2007లో కిమ్స్‌లో మొదలైన రొమ్ము వ్యాధుల కేంద్రానికి ఉషాలక్ష్మి పేరు పెట్టింది ఆమె వైద్యుడైన కొడుకు. ఒకరు భార్య, ఒకరు తల్లి. ఆ వరసల్లోనైనా ఇద్దరి పేర్లు గోడకెక్కాయి.

గడ్డ తగిలినంతలో క్యాన్సర్ కాదు, ఎక్కువ భాగం కావు. అయినా గడ్డ, చర్మం మీద సొట్ట, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, రక్తం కారడం – వీటిని వెంటనే చూపించుకోవాలి. వారసత్వంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది, కాబట్టి ‘లేదు’ అని టిక్కు పెట్టిన వాళ్లకీ ఇది వర్తిస్తుంది. ‘ఉంది’ అన్నవాళ్లని డాక్టరు మొదట అడిగేది, ఏ వైపు, ఏ వయసులో అని. చిన్న వయసులో వచ్చి ఉంటే పరీక్షలు ముందే మొదలుపెట్టాలి. మన పెద్దవాళ్లు సంవత్సరం చెప్పలేరు, ‘మీ చిన్నబాబాయి పెళ్లయిన ఏడు’ అంటారు. అది చాలు, లెక్క కట్టుకోవచ్చు.