కాలాపేట్‌లో చదువు: ఖర్చు ఎవరిది? లెక్క ఎవరికి?

పుదుచ్చేరి పట్టణం దాటి ఉత్తరంగా సముద్రం పక్కనే వెళితే కాలాపేట్ వస్తుంది. అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆనందరంగ పిళ్ళై పేరు పెట్టారు. ఆయన డూప్లే కాలపు దుబాసీ. తమిళంలో దినచర్య రాశాడు. తెలుగువారికి మరో విధంగా తెలుసు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరు మీదే 'ఆనందరంగరాట్ఛందము' అన్నాడు. డబ్బిచ్చినవాడి పేరు పుస్తకం మీదికి ఎక్కింది. పోషణ అంటే అప్పట్లో అదే.

తరువాత ఆ పని ప్రభుత్వం చేతికి వచ్చింది. ఫ్రెంచివారు 1823లో ఇక్కడ వైద్య పాఠశాల పెట్టారు. నేటి జిప్మర్ చరిత్ర అక్కడే మొదలవుతుంది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసింది. కానీ 1955లో ఫ్రెంచి పరిశోధనా సంస్థ మొదలైంది. దాని తొలి సంచాలకుడు ఝాఁ ఫిలియోజా. పుప్పొడి పరిశోధన, వృక్ష సంపద పటాలు, శైవ తాళపత్రాల సేకరణ అక్కడ దశాబ్దాల పాటు జరిగాయి. ఆ శైవ ప్రతులు 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకు ఎక్కాయి. సంస్థ చిన్నదే, కానీ ఏళ్ళ తరబడి డబ్బు ఆగలేదు. తాళపత్రం ఏడాదిలో ఫలితం చూపదు. పుప్పొడి అంతకన్నా చూపదు.

1985లో పార్లమెంటు చట్టంతో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు పుదుచ్చేరి, కారైకాల్ కళాశాలలు మద్రాసు కింద, మాహే కాలికట్ కింద, యానాం ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కొత్త సంస్థ పరిధిలోకి లక్షద్వీప్, అండమాన్ కూడా చేరాయి. అంటే ఒకే సంస్థ పరిశోధన చేయాలి, దూరదూరపు కళాశాలలకు పరీక్షలూ జరపాలి. పరీక్షలు ఆగితే గొడవ అవుతుంది. పరిశోధన ఆగితే ఎవరూ గొడవ చేయరు. డబ్బు, మనుషులు, సమయం ఎటు పోతాయో వేరే చెప్పాలా?

భవనం కట్టడం సులభం. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు. అసలు ఖర్చు ఆ మరునాడు మొదలవుతుంది. జీతాలు, ఫెలోషిప్పులు, రసాయనాలు, పరికరాల మరమ్మతు, పత్రికల చందాలు ఏటేటా కట్టాలి. దేశంలో చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఇక్కడే దెబ్బ తగిలింది. యూజీసీ ప్రణాళిక కింద కొత్త పోస్టులిచ్చేది. గడువు తీరాక రాష్ట్రం భరించాలనేది షరతు. రాష్ట్రాలు వెనకాడాయి, పోస్టులు ఖాళీగా మిగిలాయి. కాలాపేట్‌లోనే 2020లో ఇంజనీరింగ్ కళాశాల సాంకేతిక విశ్వవిద్యాలయం అయింది. దాని భారం కేంద్రీయ విశ్వవిద్యాలయంలా నేరుగా కేంద్రం మీద లేదు, పుదుచ్చేరి ప్రభుత్వం మీద ఉంది. రెండూ ఇరుగుపొరుగు సంస్థలే, డబ్బు వచ్చే దారి మాత్రం వేరు.

2017లో హెఫా వచ్చింది. భవనాలకూ పరికరాలకూ గ్రాంటు బదులు అప్పు. కొన్ని వర్గాల సంస్థలు అసలులో వాటా సొంత ఆదాయం నుంచి తీర్చాలి. విశ్వవిద్యాలయానికి సొంత ఆదాయమంటే ప్రధానంగా ఫీజులే. చివరికి భారం విద్యార్థి మీద పడుతుంది.

డబ్బిచ్చేవాడు ప్రభుత్వమైతే స్వేచ్ఛ దానంతటదే వస్తుందా? 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాలలో జ్యోతిషం కోర్సులు పెట్టించింది. మన హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్) చెబుతుంది. అదే ప్రజల డబ్బు గ్రహచారానికి వెళ్ళింది. జమీందారు పోషణలో పొగడ్త రాయాలి. ప్రభుత్వ పోషణలో పాలకుల నమ్మకాన్ని పాఠంగా చెప్పాల్సి వస్తే తేడా ఏముంది?

అందుకని డబ్బు ఆపాలనడం తప్పు. మన దేశం పరిశోధన మీద పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. 2023లో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు 5 ఏళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలట. రాకపోతే ముందు కోత పడేది ఎక్కడ? పేరున్న ఐఐటీలలో కాదు, ఎదుగుతున్న విశ్వవిద్యాలయాలలోనే.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల వార్షిక నివేదికలు, ఆడిట్ లెక్కలు పార్లమెంటు ముందుకు వస్తాయి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. హేతువాదులు బాబాల విభూతిని ప్రశ్నించినట్టే వీటినీ చదవాలి. ఎన్ని పోస్టులు ఖాళీ? ఏ పరికరం మూలపడింది? ఏ కోర్సును విషయం తెలిసిన నిపుణులు పరిశీలించారు? డబ్బు ప్రజలు ఇవ్వాలి, పరిశోధనను నిపుణులు తూచాలి, లెక్క మనం అడగాలి. ఆ లెక్క అడగకపోతే మిగిలేది గేటు మీద పేరు మాత్రమే.