చిన్నోడికి తగ్గింది కదా! జిగర్ మందుల తజ్రుబా కథ

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాకు యర్ఖాన్ వచ్చింది. అదే, పచ్చకామెర్లు. అబ్బా నన్ను కరీంనగర్ నుంచి బస్సులో ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లెకు తీసుకెళ్లారు. అక్కడ ఒక పెద్దాయన నేల ఉసిరి నూరి, పసరు మజ్జిగలో కలిపి మూడు పొద్దులు పరగడుపున తాగించారు. పైసా తీసుకోలేదు. నూనె, గోష్ బంద్ అని పర్హేజ్ చెప్పారు. మూడు వారాల్లో నా కళ్లు తెల్లబడ్డాయి.

కొన్నేళ్లకు మా ఫుప్పూ కూతురికి అదే యర్ఖాన్ వచ్చింది. ఆపాకు అప్పుడు ఏడో నెల. "చిన్నోడికి పసరుతోనే తగ్గింది కదా" అన్నారు ఇంట్లో అందరూ. పది రోజులు పసరు తాగించారు. పదకొండో రోజు తెలివి తప్పితే హాస్పిటల్‌కు తీసుకుపోయారు. ఆపా బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ పసరుకు గవాహీ నేనే. ఆ బాధతోనే ఒక మందు పనిచేస్తుందని ఎలా తెలుస్తుందో వెతుక్కుంటూ వెళ్లాను. దారి వెయ్యేళ్ల వెనక్కి తీసుకెళ్లింది.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' రెండో కితాబులో మందును పరీక్షించడానికి షరతులు రాశారు. మందులో బయటి గుణమేదీ కలిసి ఉండకూడదు. ఒకే మర్జ్ ఉన్న మనిషి మీద చూడాలి. మందు ఎప్పుడు పనిచేసిందో వక్త్ గమనించాలి. ఫలితం మళ్లీ మళ్లీ రావాలి. చివరికి మనిషి మీదే చూడాలి, ఎందుకంటే సింహం మీదో గుర్రం మీదో పనిచేసింది మనిషికి పనిచేయకపోవచ్చు. తజ్రుబా అంటే ఇదీ. ఒక పిల్లవాడు కోలుకోవడం తజ్రుబా కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ 1948 దాకా నిజాం రాజ్యంలోవే. యునానీకి సర్కారు అండ ఉండేది. చార్మినార్ పక్కన ఏడో నిజాం కట్టించిన యునానీ దవాఖానా నేటికీ ఉంది. హకీములు జిగర్‌కు కాసనీ, మకోయ్ రాసేవారు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు, నాయక్‌పోడ్‌ల దగ్గర ఇంకో ఇల్మ్ ఉంది. అది కితాబుల్లో కాదు, నోటి మాటగా వచ్చింది. 1992లో రవిశంకర్, హెన్రీ ఆదిలాబాద్ జిల్లాలో మొక్కల వాడకం మీద పరిశోధనా వ్యాసం అచ్చువేశారు. అలా రాసి పెట్టడం అవసరమే. కానీ రాసుకోవడం వేరు, పరీక్షించడం వేరు.

ఆ పరీక్ష ఇప్పుడు మన దగ్గరి ఫార్మసీ కాలేజీల్లోనూ జరుగుతుంది. ఎలుకలను గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒక గుంపుకు జిగర్‌ను పాడుచేసే కార్బన్ టెట్రాక్లోరైడ్ మాత్రమే ఇస్తారు. ఇంకో గుంపుకు విషంతో పాటు సిలిమారిన్ అనే పేరున్న మందు, మిగతా గుంపులకు విషంతో పాటు మొక్క సారం ఇస్తారు. జిగర్ కణాలు పగిలితే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు రక్తంలోకి కారతాయి. వాటిని, బిలిరుబిన్‌ను కొలుస్తారు. చివరికి జిగర్ ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తారు. విషం మాత్రమే తాగిన గుంపు లేకపోతే ఈ లెక్కలకు అర్థమే లేదు. మా ఇంట్లో లేనిది ఆ గుంపే, పసరు తాగకుండా కోలుకున్న పిల్లవాడు.

అయితే ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. చాలాసార్లు సారాన్ని విషం కంటే ముందే మొదలుపెడతారు. అది హిఫాజత్, ఇలాజ్ కాదు. మనం మందు వెతుక్కునేది కళ్లు పచ్చబడ్డాక. పైగా ఎలుకకు ఇచ్చింది రసాయనం, మనకు వచ్చేది ఎక్కువగా వైరస్. ఇబ్నె సీనా చెప్పిన సింహం మాట ఇక్కడే గుర్తొస్తుంది.

నేల ఉసిరిని మనుషుల మీదా చూశారు. 1988లో మద్రాసు నుంచి త్యాగరాజన్ బృందం 'లాన్సెట్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారిలో 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. దునియా అంతా ఖుష్ అయింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో అలాంటి ఫలితం రాలేదు. మళ్లీ మళ్లీ రావాలన్న షరతు దగ్గరే ఆగిపోయింది.

నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. అలాంటప్పుడు ఏ పసరు తాగినా పేరు పసరుకే వస్తుంది. కానీ గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో, హెపటైటిస్ ఇ ప్రాణం తీయగలదు. ఒకే పచ్చదనం, రెండు వేర్వేరు ఖత్రాలు.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన నియ్యత్ మంచిదే. ఆ మొక్క మీద కూడా లేదు. దానిలో ఏముందో పరీక్షలే తేల్చాలి. నా మాట ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు రక్త పరీక్ష చేయించండి. గర్భిణి అయితే ఒక్క రోజూ ఆగకండి. "ఫలానా వాళ్లకు తగ్గింది" అని ఎవరైనా అంటే, తాగని వాళ్లకు ఏమైందో అడగండి. ఆ సవాల్ ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అడగలేదు.