వాల్వుల స్టీరియోకు పాఠపరిష్కరణ

ఏళ్ల తరబడి మూలనున్న వాల్వుల స్టీరియో యాంప్లిఫయరును బయటికి తీసి స్విచ్చి వేస్తే బుర్రుమంటుంది, లేదా ఒక పక్క మూగబోతుంది. (అలా నేరుగా స్విచ్చి వేయరాదన్న మాట అటుంచండి.) అప్పుడు చాలామంది చేసే మొదటి పని కొత్త వాల్వులు కొనడం. వెలుగుతూ కంటబడేవి అవే కనుక అనుమానమూ వాటిమీదికే పోతుంది. పాత రేడియోలు బాగుచేసే దుకాణంలో కూర్చుని నేను చూసినంత మేరకు, నేరం ఎక్కువగా వెలగని భాగాలదే. ఏ భాగం ఏ కాలానిదో, ఎందుకక్కడికి చేరిందో తెలిసినవారికి అవి త్వరగా పట్టుబడతాయి. కాబట్టి ముందు కొంత చరిత్ర.

ఈ కథకు మూలపురుషుడు అలన్ బ్లుమ్‌లైన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఒకే శబ్దాన్ని రెండు దారులలో నడిపి, వినేవాడికి అది ఏ దిక్కునుండి వస్తున్నదో తెలిసేలా చేయవచ్చునని 1931లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1934లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో మోట్సార్ట్ సింఫొనీని ఆ పద్ధతిలో రికార్డు చేశాడు కూడా. ఆయనదే మరొక ఆలోచన, 1937 నాటిది. వాల్వులోని స్క్రీన్ గ్రిడ్డును అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నడుమ ఒకచోట కలిపితే, పెంటోడు బలమూ ట్రయోడు నెమ్మదీ ఒకేచోట చేరతాయి. 1942లో రాడార్ పరీక్షకు బయలుదేరిన విమానం కూలి, నలభై యేళ్లయినా నిండకుండానే ఆయన పోయాడు. తన రెండు ఊహలూ ఇంటింటి సంగీతమవడం ఆయన చూడలేదు.

1951లో అమెరికాలో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ అనే ఇద్దరు ఆ రెండో ఊహను చుట్లలో 43 శాతం దగ్గర కుదిర్చి, అల్ట్రాలీనియర్ అని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చారు. 1958లో స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. మరుసటి యేడే, 1959లో, హాఫ్లర్ గారి డైనాకో సంస్థ స్టీరియో 70 అనే యాంప్లిఫయరును విడుదల చేసింది. నాలుగు ఈఎల్34 వాల్వులు, పక్కకు 35 వాట్లు. విడిభాగాల పెట్టె కొని తెచ్చుకొని ఇంట్లోనే సాల్డరింగు చేసుకోవచ్చును. బ్లుమ్‌లైన్ ఊహలు రెండూ ఒక రేకుపెట్టెలో కలిసింది అలాగ.

ఇక దోషాల సంగతి. తెలుగు పండిత శిక్షణలో మాకు తాళపత్ర ప్రతులను పోల్చి చూడడం చెప్పేవారు. ఒక్క ప్రతే ఉంటే లేఖకుడి పొరపాటేదో, కవి ప్రయోగమేదో తేల్చడం దుర్ఘటం. రెండు ప్రతులుంటే పాఠాంతరం దానంతటదే బయటపడుతుంది. స్టీరియో యాంప్లిఫయరు ఒకే గ్రంథానికి రెండు ప్రతులు. ఎడమపక్క చెడితే కుడిపక్కను శుద్ధప్రతిగా ఎదురుగా పెట్టుకొని, ఒక్కొక్క బిందువులో వోల్టేజీ సరిపోల్చుకుంటూ పోవచ్చును. ఎడమ వాల్వును కుడికి, కుడి వాల్వును ఎడమకు మార్చి చూడండి. దోషం వాల్వుతో పాటు వెళితే వాల్వుది, ఉన్నచోటే ఉంటే వలయానిది.

అయితే ఒక హెచ్చరిక. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది. తీగ గోడలోనుండి పీకేసిన తరువాత కూడా పెద్ద కండెన్సర్లు ఆ శక్తిని దాచుకొనే ఉంటాయి. రెసిస్టరు ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకొన్నాకనే చేయి పెట్టాలి.

వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతున్నదనుకోండి. కొత్త వాల్వు పెడితే అదీ కాలుతుంది. ఎందుకంటే, ముందు దశనుండి సంగీతాన్ని మాత్రం దాటనిచ్చి, అక్కడి ధన వోల్టేజీని ఆపవలసిన చిన్న కండెన్సరు ముసలిదై కారుతోంది. గ్రిడ్డు ఋణంగా ఉంటేనే వాల్వు అదుపులో ఉంటుంది. కారిన వోల్టేజీ ఆ ఋణాన్ని తినేస్తుంది. ఈఎల్34ను ఊడదీసి, దాని సాకెట్టులో అయిదో కాలు దగ్గర జాగ్రత్తగా కొలవండి. రెండు పక్కలా సమానమైన ఋణ వోల్టేజీ ఉండాలి. ఒక పక్క తగ్గిందంటే లేఖక దోషం అక్కడే.

రెండు పక్కలా ఒకేలా తగ్గితే? రెండు ప్రతులూ ఒకే తప్పుమాతృకనుండి పుట్టాయన్నమాట! ఆ మాతృక సెలీనియం రెక్టిఫయరు. సిలికాన్ డయోడు ఇంకా ఖరీదుగా ఉన్న రోజుల భాగమది. వయసు మీరితే నిరోధం పెరిగి, పుట్టించవలసిన ఋణ వోల్టేజీని పుట్టించలేదు. దాని చోట సిలికాన్ డయోడు పెట్టడం నేడు రివాజు. అది బలమైనది గనుక ఋణ వోల్టేజీ పెరుగుతుంది, తిరిగి సర్దుకోవాలి. రెండు స్పీకర్లలోనూ ఒకే హోరు వస్తుంటే నాలుగు భాగాల పెద్ద కండెన్సరు డబ్బాను అనుమానించాలి.

ఎంతవరకు మార్చవచ్చునన్నది అసలు తగవు. ముందు దశలోని 7199 వాల్వు అరుదైపోయినందున, ఆ బోర్డునే తీసేసి పూర్తిగా వేరే వలయం పెట్టేవారున్నారు. చక్కగానే పాడవచ్చును గాని, నా దృష్టిలో అది పరిష్కరణ కాదు, ప్రక్షిప్తం. కారే కండెన్సరు మార్చడం చెదపురుగు తిన్న అక్షరాన్ని పూరించడం వంటిది, దానికి అభ్యంతరమేమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రం ముట్టుకోకూడదు, కావ్యమంతా వాటిలోనే ఉంది.

అమెరికానుండి తెచ్చుకొన్నవారు మన 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మరు తప్పక వాడాలి. మరమ్మతు ముగిసిన తరువాత ఒక్కొక్క పక్క 1.56 వోల్టులు చూపేలా సర్దాలి. 15.6 ఓముల రెసిస్టరు మీద అంత వోల్టేజీ అంటే రెండు వాల్వులకూ కలిపి 100 మిల్లీ ఆంపియర్లు. కొత్త టార్చిలైటు బ్యాటరీ వోల్టేజీ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది గనుక, మీటరు మీద నమ్మకం లేనివారు ముందు దాన్ని కొలిచి చూసుకోవచ్చును. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ ఒకసారి సర్దండి.