చెరువు గర్భాన వెలసిన పేట: మద్రాసు త్యాగరాయనగరం

మద్రాసుకు పడమట, నుంగంబాకం నుంచి సైదాపేట దిశగా పొడవునా పరచుకొని, ఆంగ్లేయుల పటాల్లో లాంగ్ ట్యాంకుగా నమోదైన చెరువును 1920లలో ఎండగట్టి, పూడ్చి, ఇళ్ల స్థలాలుగా విభజించగా ఏర్పడినదే నేడు టీ.నగర్‌గా వ్యవహరించే త్యాగరాయనగరం. వీధుల వెడల్పు, స్థలాల కొలత, ఉద్యానాల చోటు ముందుగానే నిర్ణయించే వీలు కల్పించిన 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టం దీనికి ఆధారం కనుక, ఈ పేటకు ఒకప్పుడు పేరు తెచ్చిన నిశ్శబ్దం సహజంగా అబ్బినది కాదు, కాగితం మీద గీసి తెచ్చినది. వానాకాలంలో ఇక్కడి వీధుల్లో నీరు నిలవడం కూడా ఆ గీతల ఫలితమే.

ఆ గీతలు గీసినవారు తమ పేర్లను మరచిపోలేదు. బ్రాహ్మణేతరుల రాజకీయ ప్రాతినిధ్యం కోసం 1916లో పుట్టిన జస్టిస్ పార్టీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో అధికారంలో ఉండడంతో, ప్రథమ మంత్రి పదవిని నిరాకరించి, 1925లో మరణించిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పేటకూ, 1921 నుంచి 1926 వరకు ఆ పదవి నిర్వహించిన పానగల్లు రాజా పానగంటి రామారాయణింగారి పేరు నడిబొడ్డు ఉద్యానానికీ దక్కాయి, ఇద్దరూ తెలుగువారే. గోపతి నారాయణస్వామి చెట్టి, మహమ్మద్ ఉస్మాన్ వంటివారు రోడ్లుగా మిగిలారు.

ఉద్యానం నుంచి నలుదిక్కులకూ సాగే వెడల్పాటి దారులు, ప్రహరీ లోపల చెట్ల నడుమ విడివిడిగా కట్టిన ఇళ్లు, 1931లో బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా మొదలైన విద్యుత్ రైలు కలిసి, జార్జిటౌను కచేరీల్లో పనిచేసేవారికి దూరపు నివాసాన్ని సాధ్యం చేశాయి. సినిమా పరిశ్రమ కోడంబాకం, వడపళని ప్రాంతాల్లో స్థిరపడ్డాక తెలుగు కళాకారులు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు: ఘంటసాల ఉస్మాన్ రోడ్డులోనూ, ఎన్.టి.రామారావు బజుల్లా రోడ్డులోనూ నివసించగా, చిత్తూరు నాగయ్య చొరవతో సంగీత సభలకు వాణీమహల్ వెలసింది. తిరుపతి యాత్రకు వచ్చిన బస్సులు మద్రాసు దాకా సాగి రామారావు ఇంటి ముందు ఆగడం ఆనవాయితీ అయ్యాక, కనీసం ఆ ఒక్క వీధికైనా ఉదయపు ప్రశాంతత లేకుండా పోయిందని చెప్పవచ్చు.

తరువాత తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలింది. 1928లోనే పానగల్ పార్కు చెంత మొదలైన నల్లి పట్టుచీరల దుకాణానికి తోడు బంగారం, పాత్రల అంగళ్లు వరుసగా వెలిసి, నివాసపు స్థలాలను ఒక్కొక్కటిగా ఆక్రమించాయి. ఒకప్పుడు కచేరీ ఉద్యోగులు రైలెక్కిన మాంబళం స్టేషన్‌లో ఇప్పుడు దిగేవారిలో ఎక్కువమంది పక్కనే ఉన్న రంగనాథన్ వీధిలో సరుకులు కొనడానికి వచ్చినవారే.