హలో వరల్డ్ కంటే ముందు

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, జావా నాకు ఎక్కేలా లేదు, మానేస్తా" అన్నాడు. ఎక్కడ ఆగావురా అంటే, ఇంకా మొదటి ప్రోగ్రామే రన్ అవలేదట! జేడీకే జిప్ ఫైలు దించుకుని విప్పాడు, కమాండు కొట్టాడు. 'జావాసీ ఏంటో నాకు తెలీదు' పొమ్మంది విండోస్. వాడికి రానిది జావా కాదు, పాత్ సెట్ చెయ్యడం. ఈ రెంటికీ తేడా వాడికెవరూ చెప్పలేదు.

మొదట్లో ఇలా లేదు. 1964 లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మాస్టార్లు బేసిక్ ని తయారుచేసింది సైన్సు చదవని పిల్లల్ని కూడా దృష్టిలో పెట్టుకునే. టెర్మినల్ ముందు కూర్చో, టైపు చెయ్యి, రన్ అను... అంతే. 1982 లో వచ్చిన కమడోర్ 64 లో అయితే బేసిక్ చిప్పులోనే ఉండేది. స్విచ్చి వెయ్యగానే 'రెడీ' అనేది.

యూనిక్స్ ది వేరే లోకం. అది ప్రోగ్రామర్లు తమకోసం కట్టుకున్న ఇల్లు. 1979 నాటి ఏడో వెర్షన్ తో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. కమాండు కొడితే ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితానే పాత్. ఆ పద్ధతి 1983 లో డాస్ 2.0 కీ, తర్వాత విండోస్ కీ చేరింది. 1996 లో సన్ వాళ్ళ జేడీకే వచ్చేసరికి, వాడేవాడికి ఇదంతా తెలుసనే లెక్క. పైగా క్లాస్‌పాత్ అని ఇంకోటి! అందులో ఒక్క చుక్క మర్చిపోతే కళ్ళెదుట ఉన్న ఫైలు కూడా దానికి కనబడదు.

తప్పు ఎవరిదీ కాదులెండి. ఒకే మెషీన్లో పది భాషలు, పది వెర్షన్లు ఉండాలంటే ఇలాంటి ఏర్పాటు కావాలి. కాకపోతే ఆ బరువు కొత్తవాడి నెత్తిన పడింది. జావా వాళ్ళకీ ఇది ఆలస్యంగానే తట్టింది. 2018 లో జావా 11 తో, విడిగా కంపైల్ చెయ్యకుండానే ఒక ఫైలుని నడిపే వీలొచ్చింది. 2025 లో జావా 25 తో, క్లాస్ అని రాయక్కర్లేకుండా పోయింది. హలో వరల్డ్ మూడు లైన్లవడానికి 29 ఏళ్ళు!

తమ్ముడి చేత పాత్ లో ఒక్క ఫోల్డరు చేర్పించా. రెండు నిమిషాల పని. "ఇంతేనా!" అన్నాడు. ఇంతే. ఈ 'ఇంతే' దగ్గర ఎంతమంది తమకి బుర్ర లేదనుకుని వెనక్కెళ్ళిపోయారో!

నేర్పేవాళ్ళకి నాదొక్కటే మనవి. మొదటి గంటలో లూపులొద్దు, పాత్ చెప్పండి. అది పిల్లల తెలివికి పరీక్ష కాదనీ, 1979 నాటి ఏర్పాటనీ చెప్పండి.